సిట్టింగ్ మేయర్ ఓడిపోతే ఏమవుతుంది? నల్గొండ, పాలమూరు ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మున్సిపల్ ఎన్నికలంటే చాలు, క్లాక్ టవర్ దగ్గర టీ కొట్టు నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా ఒకటే చర్చ. ఈసారి పాత మేయర్ ఉంటాడా పోతాడా, చైర్మన్‌ని దించుతారా, ఎవరు ఎవరి వైపు పోయారు. అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఎప్పుడూ అవే ఉంటాయి, వాటికి జవాబులేమో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్తుంటారు. అందుకే మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, చట్టం ఏమంటుందో, మన జిల్లాల్లో నిజంగా ఏం జరిగిందో రాస్తున్నాను. కొన్నిచోట్ల నా అభిప్రాయం కూడా ఉంటుంది, అది అభిప్రాయమని అక్కడే చెప్తాను.

మేయర్ నచ్చకపోతే మనం ఓటేసి నేరుగా ఓడించొచ్చా?

కుదరదు. మన రాష్ట్రంలో మేయర్ పేరు బ్యాలెట్ మీద ఉండదు. మనం ఓటేసేది మన డివిజన్ కార్పొరేటర్‌కి, మున్సిపాలిటీలో అయితే మన వార్డు కౌన్సిలర్‌కి. గెలిచినవాళ్ళంతా కూర్చుని తమలో ఒకరిని మేయర్‌గానో చైర్‌పర్సన్‌గానో ఎన్నుకుంటారు. మహబూబ్‌నగర్‌లో మేయర్ అంటాం, మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి, గద్వాల లాంటి చోట్ల చైర్‌పర్సన్ అంటాం, రెండింటికీ ఆధారం 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టమే. హైదరాబాద్‌కి వేరే చట్టం ఉంది.

అంటే మేయర్ సొంత డివిజన్‌లో ఉన్న కొన్ని వేల మంది తప్ప, ఊళ్ళో మిగతా ఎవరికీ ఆ మనిషికి అనుకూలంగా గానీ వ్యతిరేకంగా గానీ ఓటేసే అవకాశమే రాదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే కింద రాసినవన్నీ సులువుగా అర్థమవుతాయి.

మరి సిట్టింగ్ మేయర్ ఓడిపోయారని వార్తల్లో ఎట్లా వస్తుంది?

కుర్చీ పోయే దారులు చాలా ఉన్నాయి, అన్నిటినీ కలిపి జనం ఓటమి అనే అంటారు. సొంత డివిజన్‌లో కార్పొరేటర్‌గానే ఓడిపోవడం మొదటిది, నిజమైన ఓటమి అంటే నా లెక్కలో ఇదే, ఎందుకంటే తెలిసిన గల్లీవాళ్ళే వద్దన్నారు. రెండోది, తాను గెలిచినా పార్టీకి సీట్లు తగ్గి మెజారిటీ పోవడం. మూడోది, పార్టీకి మెజారిటీ వచ్చినా ఎమ్మెల్యేకో జిల్లా పెద్దలకో పడక వేరే పేరు ముందుకు రావడం, ఇది బయటికి ఓటమిలా కనపడదు గానీ చాలా చోట్ల జరిగేది ఇదే. రిజర్వేషన్ మారి అసలు పోటీకే అర్హత లేకుండా పోవడం ఇంకొకటి. చివరిది పదవీకాలం మధ్యలో అవిశ్వాసం. వీటిలో మన ఓటు నేరుగా పనిచేసేది మొదటిదాంట్లో, కొంతవరకు రెండోదాంట్లో. మిగిలినవన్నీ మూసిన తలుపుల వెనక తేలిపోతాయి.

మహబూబ్‌నగర్ కొత్త కార్పొరేషన్ కదా, అక్కడ సిట్టింగ్ మేయర్ ఎవరు?

మున్సిపాలిటీని కార్పొరేషన్‌గా చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది 2025 జనవరిలో, జైనల్లీపూర్, దివిటిపల్లి గ్రామాలను కలుపుతూ. కాబట్టి మొదటి మేయర్ ఎన్నికకు సిట్టింగ్ మేయర్ అంటూ ఎవరూ ఉండరు. అయినా జనం పాత చైర్మన్‌నీ, పాత పాలకవర్గాన్నీ మనసులో పెట్టుకునే ఓటేస్తారు, అది సహజమే. కొత్త బోర్డు పెట్టినంత మాత్రాన పాత మోరీలు మారిపోవు కదా.

రిజర్వేషన్ మారి పాత మేయర్ పోటీ చేయలేకపోతే అది కూడా ఓటమేనా?

కాదు. రాజ్యాంగంలోని 243టీ అధికరణ ప్రకారం ఎస్సీ, ఎస్టీ, మహిళలకు సీట్లు రిజర్వు చేయాలి, బీసీలకు రాష్ట్రం చట్టం చేసుకోవచ్చు. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలవి. వార్డుల రిజర్వేషనూ మారుతుంది, మేయర్, చైర్‌పర్సన్ పదవుల రిజర్వేషనూ రాష్ట్రం మొత్తాన్ని లెక్కలోకి తీసుకుని మారుతూ వస్తుంది. 2020 డిసెంబర్ జీహెచ్ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్) ఎన్నికలప్పుడు మేయర్ పదవి జనరల్ మహిళకు వచ్చింది, అప్పటి మేయర్ బొంతు రామ్మోహన్‌కు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చునే అవకాశమే లేకపోయింది, 2021 ఫిబ్రవరిలో గద్వాల విజయలక్ష్మి మేయర్ అయ్యారు.

రిజర్వేషన్ వల్ల సీటు పోతే భార్యనో కోడలినో నిలబెట్టి వెనక నుంచి తానే నడిపించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. నా మాట సూటిగా: అట్లా పోటీ చేసినామెను ప్రచారంలోనే ఎదురుగా నిలబెట్టి ప్రశ్నలు అడగండి. ఆమె బదులు పక్కనున్నాయన జవాబు చెప్తుంటే ఆపండి, ఆమెనే చెప్పమనండి. బాగా చెప్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు మాట్లాడే చోటు దొరకట్లేదు అంతే.

ఎక్కువ వార్డులు గెలిచిన పార్టీకే చైర్మన్ పదవి వస్తుంది కదా?

వస్తుందని ఏం లేదు, దీనికి మన ఉమ్మడి నల్గొండ జిల్లాలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి.

2020 జనవరి ఎన్నికల్లో నల్గొండ మున్సిపాలిటీలో 48 వార్డులు. కాంగ్రెస్‌కు 20, టీఆర్ఎస్‌కు 20, బీజేపీకి 6, మజ్లిస్‌కు 1, స్వతంత్రులకు 1. ఎవరికీ సగం రాలేదు. ఇద్దరికీ సమానంగా వచ్చినచోట చైర్మన్ అయింది టీఆర్ఎస్ తరఫున మందడి సైదిరెడ్డి.

నేరేడుచర్లది ఇంకా పెద్ద కథ. మొత్తం 15 వార్డులు, టీఆర్ఎస్ 7, కాంగ్రెస్ 7, సీపీఎం 1. కాంగ్రెస్, సీపీఎం కలిస్తే ఎనిమిది, చిన్నపిల్లవాడిని అడిగినా చైర్మన్ ఎవరిదో చెప్తాడు. కానీ ఎక్స్‌అఫీషియో ఓట్లున్నాయి, అంటే ఎంపీలు, ఎమ్మెల్యేల లాంటివాళ్ళకు పదవి రీత్యా వచ్చే ఓట్లు. అప్పటి కాంగ్రెస్ రాజ్యసభ సభ్యుడు కేవీపీ రామచంద్రరావు ఓటు చెల్లుతుందా లేదా అని గొడవ, ఎన్నిక మరుసటి రోజుకు వాయిదా, ఈలోపు అవతలి వైపు ఒక ఎమ్మెల్సీ పేరు చేరడం, చివరికి చైర్మన్ పదవి టీఆర్ఎస్‌కు. 15 వార్డుల ఊరి తీర్పును ఆ ఊళ్ళో వార్డే లేనివాళ్ళ ఓట్లు తేల్చాయి.

ఈ ఎక్స్‌అఫీషియో సభ్యులంటే ఎవరు?

లోక్‌సభ, రాజ్యసభ సభ్యులు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు. వాళ్ళ పరిధిలో ఎన్ని మున్సిపాలిటీలున్నా ఓటు వేయడానికి ఒక్కదాన్నే ఎంచుకోవాలి. మేయర్ ఎన్నికలో ఓటేయొచ్చు గానీ తాము మేయర్‌గా పోటీ చేయడానికి లేదు.

ఎమ్మెల్యే కౌన్సిల్‌లో కూర్చోవడం తప్పని నేననను, నిధులు తెచ్చేది వాళ్ళే కాబట్టి మాట్లాడే హక్కు ఉండాలి. కానీ మేయర్ ఎన్నికలో ఓటు మాత్రం వార్డుల నుంచి గెలిచినవాళ్ళకే ఉండాలి. ఎక్కడ ఓటు తక్కువ పడితే అక్కడికి ఒక ఎమ్మెల్సీని సర్దుబాటు చేసే వీలు ఉన్నంతకాలం, తక్కువ తేడా ఉన్న ప్రతి ఊళ్ళో ఓటరు మాటకు విలువ తగ్గుతూనే ఉంటుంది. అధికారంలో ఏ పార్టీ ఉంటే ఆ పార్టీకే ఇది లాభం, అందుకే ఎవరూ మార్చరు.

మేయర్ ఎన్నిక రోజు లోపల ఏం జరుగుతుంది?

కౌంటింగ్ అయ్యాక కొద్ది రోజులకే ప్రత్యేక సమావేశం పెడతారు, ప్రిసైడింగ్ అధికారిగా కలెక్టర్ గానీ ఆయన నియమించిన అధికారి గానీ ఉంటారు. ముందు సభ్యుల ప్రమాణ స్వీకారం. ఆ తర్వాత ఒకరు పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఒకటే పేరు వస్తే ఏకగ్రీవం. రెండు మూడు వస్తే చేతులెత్తే పద్ధతిలో ఓటింగ్, రహస్య బ్యాలెట్ ఉండదు. ఓట్లు సమానమైతే లాటరీ. సగం మంది రాకపోతే కోరం లేదని వాయిదా వేస్తారు, అందుకే బలం లేదనుకున్న వర్గం ఒక్కోసారి అసలు హాలుకే రాదు. మేయర్ తర్వాత డిప్యూటీ మేయర్ ఎన్నిక.

విప్ ఉంటుంది కదా, అయినా క్యాంపులు ఎందుకు?

గుర్తింపు పొందిన పార్టీ తన బీ-ఫారం (పార్టీ అభ్యర్థి అని ఇచ్చే పత్రం) మీద గెలిచినవాళ్ళకు విప్, అంటే ఫలానావాళ్ళకే ఓటేయాలనే ఆదేశం, జారీ చేయొచ్చు. దాన్ని దాటి చెయ్యెత్తితే సభ్యత్వం పోతుంది. కానీ ఆ రోజు ఎత్తిన చెయ్యి లెక్కలోకి వస్తుంది, ఆ ఓటు చెల్లుతుంది. అంటే ఒకరిద్దరు తమ పదవి పోయినా పర్వాలేదనుకుంటే ఫలితం అప్పటికే మారిపోతుంది. స్వతంత్రులకు విప్పే లేదు. అందుకే ఫలితం వచ్చిన సాయంత్రమే బస్సులు బయల్దేరతాయి, హైదరాబాద్ శివార్లలో రిసార్టులు, లేదంటే వేరే రాష్ట్రం, ఫోన్లు స్విచాఫ్, ఎన్నిక రోజు పొద్దున నేరుగా హాలుకు.

మీరు ఓటేసి గెలిపించిన మనిషి గెలిచాక మొదటి రాత్రే మీ గల్లీ వదిలి పోవడం అంటే నాకు నిజంగా బాధేస్తుంది. డివిజన్‌లో జనం ఇంటికెళ్ళి దండ వేద్దామంటే మనిషి ఉండడు. అడగండి ముందే, ప్రచారానికి వచ్చినప్పుడే: గెలిస్తే క్యాంపుకు పోతారా, స్వతంత్రంగా గెలిస్తే ఎవరి వైపు చెయ్యెత్తుతారు? ఈ రెండో ప్రశ్న స్వతంత్ర అభ్యర్థులను తప్పకుండా అడగాలి, ఎందుకంటే 20, 20 దగ్గర ఆగిపోయిన నల్గొండలాంటి చోట ఆ ఒక్కరి చెయ్యే మేయర్‌ని తేల్చగలదు.

అవిశ్వాసం ఎప్పుడు పెట్టొచ్చు?

2019 చట్టం ప్రకారం మేయర్ లేదా చైర్‌పర్సన్ బాధ్యతలు తీసుకున్న మూడేళ్ళ దాకా అవిశ్వాసం పెట్టకూడదు. ఆ తర్వాత మొత్తం సభ్యుల్లో కనీసం సగం మంది సంతకాలతో కలెక్టర్‌కి నోటీసు ఇవ్వాలి, ఆయన సభ్యులకు నోటీసులు పంపి సమావేశం పెట్టిస్తారు, నెగ్గాలంటే మూడింట రెండొంతుల మంది బలం కావాలి. 2022లో ఈ మూడేళ్ళను నాలుగేళ్ళు చేస్తూ అసెంబ్లీ బిల్లు ఆమోదించింది గానీ అప్పటి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ ఆమోదముద్ర వేయలేదు, పాత గడువే నిలిచింది. 2020 జనవరిలో ఎన్నికైనవాళ్ళకు 2023 జనవరితో మూడేళ్ళు నిండాయి, అప్పటి నుంచి రాష్ట్రమంతా అవిశ్వాస నోటీసుల వరద.

నల్గొండలో 2024లో జరిగింది అదేనా?

అదే. 2023 డిసెంబర్ 3న అసెంబ్లీ ఫలితాలు వచ్చాయి, రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, నల్గొండలో బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) అభ్యర్థి కంచర్ల భూపాల్‌రెడ్డి మీద కాంగ్రెస్ అభ్యర్థి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి గెలిచారు. నెల తిరక్కుండానే మున్సిపల్ కౌన్సిల్‌లో బలాబలాలు మారిపోయి, 2024 జనవరిలో మందడి సైదిరెడ్డి మీద అవిశ్వాసం నెగ్గింది, ఆ తర్వాత కాంగ్రెస్‌కు చెందిన బుర్రి శ్రీనివాస్‌రెడ్డి చైర్మన్ అయ్యారు.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. 2020లో ఓటేసిన మనం మధ్యలో మళ్ళీ ఓటు వేయలేదు. మారింది అసెంబ్లీ ఫలితం. దాన్నిబట్టి కౌన్సిలర్లు మారారు, వాళ్ళను బట్టి చైర్మన్ మారారు. పాత చైర్మన్ బాగా చేశారా, కొత్తాయన బాగా చేశారా అన్నది వేరే చర్చ, దానిమీద ఊళ్ళో ఎవరి అభిప్రాయం వాళ్ళకుంది. నేను చెప్పేది ఏంటంటే, ఆ అవిశ్వాసం సమయంలో నీళ్ళ గురించి గానీ మోరీల గురించి గానీ ఒక లెక్కా పత్రం ఓటరు ముందు పెట్టాల్సిన అవసరం ఏ పక్షానికీ రాలేదు. పైగా పాలకవర్గం గడువు 2025 జనవరి చివరికే అయిపోయింది, అంటే ఈ మార్పంతా సుమారు ఏడాది పదవి కోసం.

అవిశ్వాసంలో ఓడిపోయినవాళ్ళు ఇంటికి పోవాల్సిందేనా?

కుర్చీ మాత్రమే పోతుంది. కౌన్సిలర్‌గా, కార్పొరేటర్‌గా గడువు ముగిసేదాకా ఉంటారు.

గడువు అయిపోయినా ఎన్నికలు పెట్టకపోతే ఊరిని ఎవరు నడుపుతారు?

ప్రత్యేకాధికారి. రాజ్యాంగంలోని 243యూ అధికరణ ప్రకారం పాలకవర్గం కాలం మొదటి సమావేశం నుంచి అయిదేళ్ళు, అది ముగిసేలోపే ఎన్నికలు పూర్తి చేయాలి. రాసింది అట్లా ఉంది, జరిగేది వేరు. 2025 జనవరి చివర్లో మన దగ్గర చాలా మున్సిపాలిటీలకు గడువు ముగిసింది, ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారులు వచ్చారు. జడ్చర్ల, అచ్చంపేట, నకిరేకల్‌కు మాత్రం 2021 ఏప్రిల్ 30న ఎన్నికలు జరిగాయి కాబట్టి వాటి లెక్క వేరే.

ఇది సిట్టింగ్ మేయర్ ఓడిపోవడం కంటే పెద్ద నష్టం అని నా అభిప్రాయం. ఓడినా గెలిచినా మేయర్ ఉంటే ఆఫీసు ముందు నిలబడి అడగొచ్చు. ప్రత్యేకాధికారి మంచివారే కావచ్చు, ఆయనకు జిల్లాలో వేరే పది పనులుంటాయి, మీ గల్లీ పేరు కూడా తెలియదు, మళ్ళీ మీ ఓటు అడగాల్సిన అవసరం అంతకంటే లేదు.

పాత మేయర్ ఓడిపోతే ఆయన మొదలుపెట్టిన పనులు ఆగిపోతాయా?

చట్టపరంగా ఆగకూడదు. టెండర్ అయి అగ్రిమెంట్ రాసుకున్న పని మేయర్‌ది కాదు, మున్సిపాలిటీది, కౌన్సిల్ తీర్మానం కౌన్సిల్ మారినా ఉంటుంది. కొత్తవాళ్ళకు నచ్చకపోతే మళ్ళీ తీర్మానం చేసి మార్చుకోవాలి. కానీ ఆచరణలో పాత మేయర్ డివిజన్‌లో సగం వేసిన సీసీ రోడ్డు అట్లాగే మిగిలిపోవడం, బిల్లు రాలేదని కాంట్రాక్టర్ కంకర కుప్ప పోసి పోవడం మనం చూసేదే. మీ దగ్గర ఇట్లా అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: పని పేరు, మంజూరైన మొత్తం, అగ్రిమెంట్ తేదీ, పూర్తి చేయాల్సిన గడువు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లులు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దీంట్లో మేయర్ పేరు ఎత్తకండి, పని పేరు ఎత్తండి.

అసలు మేయర్‌కి అంత అధికారం ఉంటుందా?

మనం అనుకునేంత ఉండదు. మేయర్ కౌన్సిల్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, అజెండా మీద, పనుల ప్రాధాన్యం మీద ఆయన మాట నడుస్తుంది. రోజువారీ పాలన, సిబ్బంది, ఫైళ్ళు కమిషనర్ చేతిలో ఉంటాయి. 2019 చట్టం కలెక్టర్‌కి కూడా చాలా అధికారాలు ఇచ్చింది. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలని, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, అట్లా చూసే బాధ్యత వార్డు సభ్యులదని కూడా అందులోనే ఉంది. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో నీటి సరఫరా నుంచి శ్మశానాల దాకా 18 అంశాలు పట్టణ స్థానిక సంస్థలకు ఇవ్వొచ్చని రాశారు, వాటిలో ఎన్ని పూర్తిగా చేతికొచ్చాయన్నది ఏ కౌన్సిలర్‌ని అడిగినా చెప్తారు.

కాబట్టి పొద్దున నల్లా రాకపోతే ముందు పోవాల్సింది మున్సిపల్ నీటి విభాగం దగ్గరికి, మేయర్ ఇంటికి కాదు. నల్లా ఎప్పుడూ ఒకే గల్లీకి రాకపోతే, అప్పుడు అది విధానం సమస్య, అప్పుడు కార్పొరేటర్‌ని, మేయర్‌ని పట్టుకోవాలి.

మేయర్ మారితే ఇంటి పన్ను తగ్గుతుందా?

తగ్గదు. హామీ ఇస్తే ఏ లెక్క ప్రకారం తగ్గిస్తారో అడగండి.

మన దగ్గర సిట్టింగ్‌ల మీద జనానికి ఎందుకు కోపం వస్తుంది?

పేపర్లలో కులం లెక్కలు, వర్గపోరు అని రాస్తారు, అవి లేవని అనను. కానీ గల్లీలో తిరిగితే వినపడేవి వేరు. మొదటిది నీళ్ళు. ఫ్లోరైడ్‌తో తరాలు కుంగిపోయిన నల్గొండ జిల్లాలో తాగునీరు అనేది మామూలు హామీ కాదు, కృష్ణా నీళ్ళు ఉదయసముద్రం రిజర్వాయర్ దాకా వచ్చాక కూడా పైపు చివర ఉన్న ఇంటికి ప్రెషర్ రాకపోతే ఆ కోపం వేరుగా ఉంటుంది. పాలమూరులో కూడా ఎండాకాలం వచ్చిందంటే నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుందన్నదే ప్రచారం. రెండోది మోరీలు, భూగర్భ డ్రైనేజీ. రోడ్డు తవ్వుతారు, పైపు వేస్తారు, పూడ్చిన మట్టి మొదటి వానకే కుంగిపోతుంది, స్కూటర్ మీద పోయేవాళ్ళు పడతారు. ఓటరు మర్చిపోడు ఆ గుంతను.

మూడోది, అందరూ తక్కువగా మాట్లాడేది, విలీన గ్రామాలు. ఊరిని కార్పొరేషన్‌లో కలిపితే భూమి రేటు పెరుగుతుందని కొందరికి సంతోషమే. కానీ ఉపాధి హామీ పని గ్రామాలకే వర్తిస్తుంది, ఊరు పట్టణంలో కలిసిన రోజు నుంచి కూలీకి పోయే ఆడవాళ్ళకు ఆ పని పోతుంది. సర్పంచ్ పోతాడు. ఇంటి పన్ను పెరుగుతుందని భయం, ఇల్లు కట్టుకోవాలంటే అనుమతుల టెన్షన్. బదులుగా రావాల్సిన వీధిలైటు, చెత్త బండి, మోరీ మాత్రం ముందు పాత ఊరికి, చివర్లో వీళ్ళకు. ఇలాంటి డివిజన్లలో సిట్టింగ్‌కి వ్యతిరేకంగా ఓట్లు పడితే ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు, వాళ్ళు పోగొట్టుకున్నదానికి లెక్క అడుగుతున్నారు. ఏ పార్టీ మేనిఫెస్టోలోనైనా విలీన గ్రామాల్లో పోయిన కూలిపనికి ప్రత్యామ్నాయం ఏంటో రాసుంటే నాకు పంపండి, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

అమెరికాలో ఉన్న మా వాళ్ళు అక్కడ మేయర్‌ని జనమే ఓడించారని చెప్తున్నారు, నిజమా?

నిజమే. షికాగోలో 2023 ఫిబ్రవరిలో సిట్టింగ్ మేయర్ లోరీ లైట్‌ఫుట్ మొదటి విడతలోనే మూడో స్థానంలో ఆగిపోయారు, ఏప్రిల్‌లో జరిగిన రెండో విడతలో బ్రాండన్ జాన్సన్ గెలిచారు. 1983 తర్వాత అక్కడ జనం ఎన్నుకున్న సిట్టింగ్ మేయర్ తిరిగి ఎన్నిక కాలేకపోవడం అదే మొదటిసారి. ఊరంతా ఒకే బ్యాలెట్ మీద అవే పేర్లకు ఓటేస్తుంది కాబట్టి ఎందుకు ఓడారన్న చర్చ కూడా ఊరంతటిదీ అవుతుంది. అంత దూరం పోనక్కర్లేదు, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, బిహార్‌లో కూడా మేయర్‌కి జనమే నేరుగా ఓటేస్తున్నారు.

మరి మన దగ్గర నేరుగా ఎందుకు లేదు?

ఒకప్పుడు ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డిని నగర ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. తర్వాత చట్టం మారింది. 2009లో జీహెచ్ఎంసీకి బండ కార్తీకరెడ్డిని కార్పొరేటర్లు ఎన్నుకున్నారు, కాంగ్రెస్, మజ్లిస్ మధ్య ఒప్పందం ప్రకారం ఆమె మధ్యలో దిగిపోతే 2012 జనవరిలో మాజిద్ హుస్సేన్ వచ్చారు. రెండు పార్టీలు మాట్లాడుకుని మేయర్‌ని మార్చుకున్నాయి, ఓటరుకు ఆ మాటల్లో చోటు లేదు.

నేరుగా ఎన్నికకు నేను అనుకూలం. ఇబ్బందులు ఉన్నాయి, తెలుసు. మేయర్ ఒక పార్టీ, కౌన్సిల్ ఇంకో పార్టీ అయితే బడ్జెట్ కదలదు. ఊరంతా ప్రచారం చేయాలంటే డబ్బున్నవాళ్ళకే సాధ్యం అనే వాదనలో కూడా బలముంది. మధ్యలో దించడం ఎట్లా అన్నది ఇంకో చిక్కు, దానికి మధ్యప్రదేశ్‌లో ఒక దారి పెట్టారు: కౌన్సిలర్లు కోరితే మళ్ళీ జనం దగ్గరికే పోతారు, ఖాళీ కుర్చీ, నిండు కుర్చీ గుర్తుల మీద ఓటింగ్ పెట్టి ఉంచాలో దించాలో జనాన్నే అడుగుతారు. ఈ చిక్కులన్నీ ఒప్పుకున్నాక కూడా, ఊరి పెద్దను ఊరే ఎన్నుకోవాలి, ఊరే దించాలి అన్నది నాకు న్యాయంగా కనపడుతుంది.

ఫలితం మీద అనుమానం ఉంటే?

తక్కువ తేడాతో పోయిన అభ్యర్థి గానీ ఏజెంట్ గానీ, ఫలితం ప్రకటించకముందే రిటర్నింగ్ అధికారికి కారణాలు రాసిచ్చి రీకౌంటింగ్ అడగాలి. ప్రకటించాక అక్కడ అరిచి లాభం లేదు, ఎన్నికల పిటిషన్ వేసుకోవాల్సిందే. 2020 మున్సిపల్ ఎన్నికలు బ్యాలెట్ పేపర్ల మీదే జరిగాయి, అలాంటప్పుడు చెల్లని ఓట్ల విషయంలో ఏజెంట్లు కళ్ళు తెరిచి కూర్చోవాలి. చిన్న డివిజన్‌లో పది ఓట్లే ఫలితాన్ని మార్చేస్తాయి.

నా ఓటు పక్క డివిజన్‌లో పడింది, ఏం చేయాలి?

మున్సిపల్ ఎన్నికలు నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం, కానీ జాబితా మాత్రం అసెంబ్లీ ఓటర్ల జాబితా నుంచే వార్డులవారీగా విడగొడతారు. ఆ విడగొట్టడంలోనే గల్లీకి ఒకవైపు ఇళ్ళు ఒక డివిజన్‌కి, రెండోవైపు ఇళ్ళు ఇంకో డివిజన్‌కి పోతుంటాయి, ఒకే ఇంట్లో భార్యాభర్తల ఓట్లు కూడా విడిపోతాయి. ముసాయిదా జాబితా పెట్టిన రోజుల్లోనే మున్సిపల్ ఆఫీసుకు పోయి చూసుకుని అభ్యంతరం రాసివ్వండి. పోలింగ్ రోజు పొద్దున తెలిస్తే ఎవరూ ఏమీ చేయలేరు. డివిజన్ల పునర్విభజన జరిగినచోట ఇది మరీ ఎక్కువ, ముసలివాళ్ళున్న ఇళ్ళకు పక్కింటి పిల్లలు పోయి చూసిపెడితే బాగుంటుంది.

గెలిచిన కార్పొరేటర్ అయిదేళ్ళు కనపడకపోతే చేసేదేమీ లేదా?

ఉంది, చాలామందికి తెలియదు. 2019 చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి: యువకులది, మహిళలది, వృద్ధులది, ఊళ్ళో పేరున్న పౌరులది. ఒక్కోదాంట్లో 15 మంది. అంటే ఒక వార్డులో 60 మందికి అధికారికంగా అడిగే చోటు ఉంది. చాలాచోట్ల ఈ కమిటీలు కాగితం మీదే ఉంటాయి, కార్పొరేటర్ అనుచరుల పేర్లే రాసుకుంటారు. మీ వార్డు కమిటీ సభ్యుల జాబితా ఇవ్వమని ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, చివరి సమావేశం ఎప్పుడు జరిగింది, ఏం రాశారు, మినిట్స్ కాపీ అడగండి. కొత్త పాలకవర్గం వచ్చిన మొదటి నెలల్లోనే ఈ పేర్లు చేరతాయి, కాబట్టి మీ గల్లీ నుంచి నీళ్ళ సంగతి తెలిసిన ఒక అక్కయ్యనో, మోరీ ఎక్కడ పూడుకుపోతుందో చెప్పగల ఒక పెద్దాయననో ముందే ఒప్పించి, వాళ్ళ పేర్లతో కాగితం తీసుకుని కార్పొరేటర్ ప్రమాణ స్వీకారం చేసిన వారంలోనే వెళ్ళి ఇవ్వండి.